బడి విడిచిన వేళ: ఖరగ్‌పూరు తెలుగు విద్యార్థుల సంఘకార్యములు, భాషారక్షణము

భాష స్వస్థలమును విడిచి వెళ్లినపుడు దానికి మొదట లభించు ఆశ్రయము ఇల్లు, రెండవది గుడి, మూడవది బడి. ఇల్లు మాటను కాపాడును. గుడి పాటను కాపాడును. అక్షరమును కాపాడవలసిన భారము బడిదే. కాని ప్రవాసాంధ్ర బాలుని బడి దినచర్యలో ఈ భారమును పూర్తిగా వహింపగల తీరిక లేదు. కావున బడిగంట మ్రోగినది మొదలు దీపములు వెలుగువరకు గల ఆ కొద్దిపాటి కాలమే తెలుగక్షరమునకు నాల్గవ ఆశ్రయము కావలసివచ్చినది. పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు రైల్వే పట్టణమును ఉదాహరణముగా గైకొని, ఆరవ తరగతి మొదలు పదవ తరగతి వరకు చదువు విద్యార్థుల సాయంకాల సంఘములు ఏ రీతిగా నడచినచో భాష నిలుచునో, ఏ రీతిగా నడచినచో వేడుక మాత్రమే మిగులునో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1. పట్టణము, ప్రజలు

బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ 1887లో ఏర్పడినది. దక్షిణమున మద్రాసు వైపునకును, పడమట నాగపూరు వైపునకును పోవు దారులు కలియుచోట ఖరగ్‌పూరు వెలసినది. తూర్పు తీరపు రైలుమార్గములో కటకము నుండి వాల్తేరు వరకు గల ఉత్తర భాగము ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఈ సంస్థ చేతిలోనికి వచ్చినది. అప్పటినుండి గంజాము, విశాఖపట్టణ మండలముల ప్రజలకు ఖరగ్‌పూరు పొరుగూరువంటిదైనది. రైలుపట్టాయే వారిని తీసికొనివచ్చిన బాట. కర్మాగారమున ఫిట్టర్లుగను, షెడ్డున ఫైరుమానులుగను, లైనుమీద గ్యాంగుమానులుగను వచ్చినవారు కాలక్రమమున క్వార్టర్లలో కాపురములు పెట్టిరి. ఈ రైల్వే కార్మికోద్యమమునకు నాయకత్వము వహించినవారిలో ముఖ్యుడైన వి. వి. గిరి 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతిగా నుండెను. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాతను ఈ జనసంబంధము తెగలేదు.

ఇట్టి పట్టణమున బాలుడు నాలుగు భాషల నడుమ పెరుగును. ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, ఆటస్థలమున హిందీ, పుస్తకమున ఇంగ్లీషు. ఇందు ఏ భాషను అతడు వ్రాయగలడు అనునదే ముఖ్యమైన ప్రశ్న. వినుట, పలుకుట ఒక తరము; వ్రాయుట, చదువుట లేనిచో రెండవ తరమునకు వినుట మాత్రమే మిగులును; మూడవ తరమునకు అదియు మిగులదు.

శాసనము కొంత తోడ్పడినది. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యము కల్పింపవలెనని చెప్పుచున్నది. పశ్చిమ బెంగాలు మాధ్యమిక విద్యామండలి ప్రథమభాషగా అంగీకరించిన భాషలలో తెలుగును కలదు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు ఆమోదించినది. అయినను ఒక సంగతి గమనింపదగియున్నది. 350ఎ అధికరణము చెప్పినది ప్రాథమిక దశను గూర్చియే. ఆరవ తరగతిలో అడుగుపెట్టిన బాలుడు ఆ అధికరణపు నీడను దాటినవాడే. మండలి తెలుగును అంగీకరించుట వేరు. పిల్లవాడు దానిని ఎన్నుకొనుటకు తగిన పఠనాభ్యాసము కలిగియుండుట వేరు. ఈ రెంటి నడుమ గల కందకమునకు వంతెన కావలసినది సాయంకాల సంఘము.

2. రెండు సంప్రదాయములు

బడి వెలుపల బాలసంఘములను నడపుట బెంగాలునకును ఆంధ్రమునకును క్రొత్తగాదు. 1932లో గురుసదయ్ దత్తు బ్రతచారి ఉద్యమమును ఆరంభించెను. బెంగాలు పల్లెల నృత్యగీతములను, శ్రమను, వ్రతనియమములను ఒకచోట కూర్చి బాలురకు శిక్షణ నొసగుట దాని మార్గము. తరువాత ఆనందబజార్ పత్రికయందలి పిల్లల పుట నుండి ‘మణిమేళా’ సంఘములు పుట్టినవి. ‘మౌమాఛి’ అను కలము పేరుగల విమల్ ఘోష్ వానికి సూత్రధారి. పత్రికలో అచ్చయిన కథను చదివిన బాలుడే తన పేటలో ఒక సంఘమునకు సభ్యుడగుట అందలి విశేషము.

ఆంధ్రమున ఈ పనినే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు చేసిరి. రేడియో అన్నయ్య, అక్కయ్య అని తెలుగు పిల్లలందరు వారిని పిలిచిరి. మద్రాసు ఆకాశవాణి నుండి వారు నడపిన కార్యక్రమములు, 1940లో స్థాపించిన బాలానంద సంఘము, 1945లో ఆరంభించిన ‘బాల’ మాసపత్రిక, ఈ మూడును ఒకదానినొకటి పోషించుకొన్నవి. విన్నది చదువుటకును, చదివినది ఆడిపాడుటకును, ఆడినది మరల వ్రాసి పంపుటకును అందు అవకాశముండెను.

ఈ రెండు సంప్రదాయములను సరిపోల్చిన ఒక సమానధర్మము తేటపడును. మణిమేళాకు గాని, బాలానంద సంఘమునకు గాని తోడుగా ఒక పత్రిక కలదు. అనగా ఆటపాటల అడుగున అక్షరమున్నది. ఖరగ్‌పూరు బాలుడు ఈ రెండు సంప్రదాయములకును వారసుడు కాదగినవాడు. ఇది ప్రవాసము వలన కలిగిన నష్టము కాదు, లాభము.

1952లో నియమితమైన ముదలియారు సంఘము, మాధ్యమిక విద్యను విచారించి, పాఠ్యేతర కార్యములను పాఠములకు అలంకారముగా గాక విద్యలో అంతర్భాగముగా పరిగణింపవలెనని సూచించినది. సూచన పాతదియే, ప్రవాస భాషల పట్ల దాని అన్వయమును గూర్చి మాత్రము తగినంత ఆలోచన జరుగలేదు.

3. ప్రదర్శనము, పఠనము

ప్రవాస సంఘములకు పొంచియున్న ప్రమాదము ప్రదర్శనము. ఉగాది వచ్చును, వేదిక అమర్తురు, పిల్లవాడు పద్యము చదువవలెను. అతనికి తెలుగు లిపి రాదు. తల్లి పద్యమును చెప్పగా అతడు బెంగాలీ అక్షరములలోనో రోమను అక్షరములలోనో వ్రాసికొనును. వారము దినములు వల్లించి వేదికపై ఒప్పజెప్పును. సభ కరతాళధ్వనులు చేయును. మరుదినమున ఆ కాగితము చెత్తబుట్టకు పోవును. పిల్లవానికి పద్యము మిగులదు, లిపియు మిగులదు.

ఇందు నష్టము భావమునకే గాదు, ధ్వనికి కూడ. బెంగాలీ లిపిలో ఎకార ఏకారములకును, ఒకార ఓకారములకును వేర్వేరు గుర్తులు లేవు, ‘ళ’కారము లేదు, ‘ణ’కారము వ్రాతలో నున్నను పలుకుటలో ‘న’కారమే. అచ్చులకు దీర్ఘ చిహ్నములు కొన్ని యున్నను పలుకుబడిలో హ్రస్వదీర్ఘ భేదము అర్థమును మార్చునది కాదు. తెలుగున అట్లు గాదు. ‘మెడ’ వేరు, ‘మేడ’ వేరు. ‘ఒడి’ వేరు, ‘ఓడి’ వేరు. ‘కల’ వేరు, ‘కాల’ వేరు. ‘కళ్లు’ అనవలసినచోట ‘కల్లు’ అనిన సభ నవ్వును. బాలునికి ఆ నవ్వునకు కారణము తెలియదు. సామాన్యముగా వాడు రోమను వ్రాతలోను ఇదియే చిక్కు. పరలిపిలో వ్రాసిన తెలుగు, వినినవానికి గుర్తు చేయగలదే గాని విననివానికి నేర్పజాలదు. మాట ముందే వచ్చిన తల్లికి ఆ కాగితము చాలును, బిడ్డకు చాలదు.

కావున సంఘమునకు ప్రథమ నియమము ఇది కావలెను: వేదిక నెక్కు పిల్లవాడు తన పద్యమును తెలుగు లిపిలో తన చేతితో వ్రాసికొనవలెను. ఈ యొక్క నియమము వలన వేదిక పఠనమునకు శత్రువుగాక సేవకురాలగును. పండుగకు మూడు నెలల ముందుగా ఆరంభించినచో, ఆరవ తరగతి పిల్లవానికి లిపి నేర్చుటకు ఆ వ్యవధి చాలును. ఆ వయస్సున అతనికి ఇదివరకే రెండు మూడు లిపులు వచ్చియుండును. అక్షరమునకు ధ్వనికి గల సంబంధము ఎరిగినవానికి క్రొత్తలిపి కొండంత పని గాదు.

4. ఇంటి మాట, పుస్తకపు మాట

రెండవ చిక్కు సూక్ష్మమైనది. ఖరగ్‌పూరు తెలుగువారిలో పెక్కుమంది ఇండ్ల పలుకుబడి ఉత్తరాంధ్రముది. అబ్బాయిని ‘గుంటడు’ అనుట, అక్కను ‘అప్ప’ అనుట, ‘నేను’ అనుటకు ‘నాను’ అనుట ఆ పలుకుబడి లక్షణములు. పాఠ్యపుస్తకమున ఇవి కానరావు. సంఘమున నేర్పు పెద్దలు ఈ మాటలను తప్పులుగా దిద్దినచో పిల్లవాడు రెండు విధముల నష్టపోవును. పుస్తకభాష ఇంకను రాలేదు. ఇంటిభాష సిగ్గుపడదగినదని తేలినది. మిగిలినది మౌనము, లేదా హిందీ.

శ్రీకాకుళ మండలమున పుట్టిన గిడుగు రామమూర్తి (1863–1940) జీవితమంతయు ఈ విషయమును గూర్చియే పోరాడెను. సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకు వారి భాషలోనే బోధింపవలెనని పాటుపడిన ఆ మహనీయుని స్వమండలపు మాటను ప్రవాసమున తప్పుగా నెంచుట విపరీతము. గురజాడ ‘కన్యాశుల్కము’ విజయనగరపు వీధుల పలుకుబడిని వేదికనెక్కించినది. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయినది. ఖరగ్‌పూరు బాలుర నాటకసంఘము తమ యింటి మాటకు సాహిత్యమున గౌరవస్థానము కలదని తెలిసికొనుటకు ఆ నాటకములోని ఒక చిన్న రంగము చాలును.

ఇంతకంటె ఫలవంతమైన కార్యము పదసేకరణము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ వృత్తిపదకోశమును ప్రకటించినది. రైతు నోటి మాటయే అందు ప్రమాణము. రైలు కర్మాగారపు తెలుగునకును అట్టి పదకోశము ఉండదగును. ఎనిమిదవ తరగతి విద్యార్థి యొక నోటు పుస్తకము గైకొని, ఉద్యోగము విరమించిన తాతను అడిగి, పట్టాను, చక్రమును, బాయిలరును, రాత్రి డ్యూటీని వారు ఏమని పిలిచిరో, ఏ ఇంగ్లీషు మాట తెలుగున ఏ రూపము దాల్చినదో వ్రాసికొనవచ్చును. ఆవిరియంత్రములతో పనిచేసిన తరము తరలిపోవుచున్నది. వారితోపాటు ఆ మాటలును పోవును. ఈ పని పిల్లవానికి లిపిని నేర్పును, తాతకు గౌరవమును తెచ్చును, పరిశోధకునకు సామగ్రిని సమకూర్చును.

5. ఎనిమిదవ తరగతి దాటిన పిదప

సంఘములకు నిజమైన పరీక్ష తొమ్మిదవ తరగతిలో వచ్చును. పదవ తరగతి చివర మాధ్యమిక పరీక్ష. దానికై సాయంకాలములన్నియు ట్యూషనులకు పోవును. బెంగాలున ఈ అలవాటు మిక్కిలి బలమైనది. 2022లో ‘అసర్’ సర్వే పరిశీలించిన గ్రామీణ బాలురలో సుమారు 74 శాతము రుసుము చెల్లించి ట్యూషను చదువుచుండిరి. పట్టణమున ఒత్తిడి ఇంతకు తగ్గునని తలంచుటకు హేతువు లేదు. తల్లిదండ్రుల వాదము సులభముగా త్రోసివేయదగినది గాదు. పరీక్షయందలి మార్కు ఉద్యోగమునకు దారి. తెలుగు పద్యము దేనికి దారి?

దీనికి రెండు సమాధానములు కలవు. ఒకటి: తెలుగును ప్రథమభాషగా వ్రాయగల బాలునకు సంఘమున చదివినది పరీక్షకును ఉపకరించును. కాని ఇది కొందరికే వర్తించును. రెండవది అందరికి వర్తించునది: పదునాలుగేండ్ల బాలుడు తనకు నేర్పుచోట నిలువడు, తనకు పని అప్పగించినచోట నిలుచును. తొమ్మిదవ తరగతి విద్యార్థిని శిష్యునిగా పిలిచిన రాడు. ఆరవ తరగతి పిల్లలకు అక్షరములు దిద్దించు అన్నగా, గోడపత్రికకు సంపాదకునిగా, పుస్తకముల బీరువా తాళపు చెవి గలవానిగా పిలిచిన వారమునకు ఒక గంటయైన వచ్చును. బాలికల విషయమున ఈ మాట మరింత నిజము. సాయంకాలము బయటికి పంపుటకు వెనుకాడు తల్లి, కూతురికి బాధ్యతగల పని యున్నదని తెలిసినచో సమ్మతించును.

ఆటల చరిత్ర కూడ ఇదే చెప్పుచున్నది. 1946లో ఖరగ్‌పూరున బెంగాల్ నాగపూర్ రైల్వే హాకీ జట్ల అభ్యాసమును చూచుటకు వచ్చిన యువకుడు లెస్లీ క్లాడియస్. ఆడువారు తక్కువపడగా, 1932 ఒలింపిక్ విజేతయైన డికీ కార్ అతనిని మైదానమునకు పిలిచెను. ఆ యువకుడు పిదప మూడు ఒలింపిక్ స్వర్ణపతకములను, ఒక రజతపతకమును గెలిచిన జట్లలో సభ్యుడయ్యెను. ప్రేక్షకునిగా నిలిచినవానిని ఆటగానిగా పిలుచుటయే ఇందలి కీలకము. భాషాసంఘములు బాలుని ఎంతకాలము ప్రేక్షకునిగా నుంచునో అంతకాలము అతడు పోవుటకు సిద్ధముగనే యుండును.

6. ముగింపు

పై పరిశీలనము వలన కొన్ని అంశములు సిద్ధించుచున్నవి. సాయంకాల సంఘము బడికి ప్రతినిధి గాదు, పూరకము. దానికి పెద్ద భవనము అక్కరలేదు. ఒక గది, ఒక బీరువా, ఒక గోడ చాలును. వేదికకు ముందు లిపి రావలెను. ఇంటి మాటకు గౌరవముండవలెను. పెద్ద విద్యార్థికి పని యుండవలెను. గోడపత్రికలో ఒక వైపు తెలుగు, మరియొక వైపు బెంగాలీ యుండిన మేలు. పొరుగింటి బెంగాలీ బాలుడు తన మిత్రుడు వ్రాసిన దానిని గూర్చి అడుగును, మిత్రుడు చెప్పుటకై తన భాషను మరల ఆలోచించును. గోడ కట్టుకొని కాపాడిన భాష గోడల నడుమనే ముగియును.

ప్రవాసాంధ్ర సంఘములు తమ సాఫల్యమును ఉగాది సభకు వచ్చినవారి సంఖ్యతో కొలుచుట వాడుక. దానికి మారుగా మరియొక కొలత ననుసరింపవచ్చును. ఆ యేడు పదవ తరగతి ముగించిన పిల్లలలో ఎందరు, ఊరనున్న అమ్మమ్మకు ఎవరి సాయము లేకుండ తెలుగున ఒక ఉత్తరము వ్రాయగలిగిరి? ఆ సంఖ్య సున్న కానంతవరకు ఖరగ్‌పూరున తెలుగునకు మరియొక తరము కలదు.