శ్రేష్ఠ పథకం: 9వ తరగతి ప్రవేశ పరీక్ష పేపర్ ఎలా ఉంటుంది?

మీ అమ్మాయో, అబ్బాయో ఇప్పుడు 8వ తరగతిలో ఉన్నారా? మీది ఎస్సీ కుటుంబమా? ఏడాది ఆదాయం రెండున్నర లక్షల లోపేనా? అయితే ఇది చివరిదాకా చదవండి.

శ్రేష్ఠ అనేది కేంద్ర సామాజిక న్యాయ శాఖ పథకం. ఎంపికైన పిల్లలు సీబీఎస్‌ఈ ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూల్లో 9 లేదా 11లో చేరి 12 వరకు చదువుకోవచ్చు. హాస్టల్‌తో కలిపి ఫీజు ప్రభుత్వమే స్కూలుకు కడుతుంది. 9వ తరగతికి ఏడాదికి లక్ష, 10కి 1,10,000, 11కి 1,25,000, 12కి 1,35,000 రూపాయల వరకు. దేశం మొత్తమ్మీద ఏటా సుమారు 3,000 సీట్లు. సీటు వచ్చేది ఎన్‌టీఏ పెట్టే పరీక్షలో మెరిట్‌ను బట్టి, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ద్వారా మాత్రమే. "మేం ఇప్పిస్తాం" అనేవాళ్లకు పైసా ఇవ్వకండి.

పేపర్‌లో ఏముంటుంది?

మొత్తం 100 ప్రశ్నలు, 400 మార్కులు, 3 గంటలు. లెక్కలు 30, సైన్స్ 20, సోషల్ 25, జనరల్ నాలెడ్జ్ 25. ప్రశ్నకు 4 మార్కులు. 9లో చేరేవారికి 8వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్, 11లో చేరేవారికి 10వ తరగతిది.

ఈ అంకెలు ఒకసారి కూడి చూడండి. సోషల్, జీకే కలిపితే 50 ప్రశ్నలు, 200 మార్కులు. అంటే సగం పేపర్! మనవాళ్లు మాత్రం ట్యూషన్ అనగానే లెక్కలకే పంపుతారు. సోషల్‌ను "పరీక్ష ముందురోజు చదివేయొచ్చులే" అని వదిలేస్తారు. ఈ పరీక్షలో అలా వదిలేస్తే నష్టం పెద్దది.

అసలు చిక్కు భాష

ఇంగ్లిషు అనే సబ్జెక్టు పేపర్‌లో లేదు. కానీ ప్రశ్నలు వచ్చేది ఇంగ్లిషు, హిందీల్లోనే, తెలుగులో కాదు. తెలుగు మీడియం పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. ఉదాహరణకు, 5,000 రూపాయలకు 10 శాతం చొప్పున 2 ఏళ్లకు 'కాంపౌండ్ ఇంటరెస్ట్' ఎంత అని అడిగారనుకోండి. బాబుకి చక్రవడ్డీ బాగా వచ్చు. కానీ కాంపౌండ్ ఇంటరెస్ట్ అంటే అదేనని తెలియక బారువడ్డీ వేస్తాడు, 1,000 వస్తుంది. ఆప్షన్లలో 1,000 కూడా ఉంటే దానికే బబుల్ నింపేస్తాడు. సరైన జవాబు 1,050. లెక్క వచ్చి కూడా 4 మార్కులు పోయినట్టే.

దీనికి స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులేం అక్కర్లేదు. ఒకపక్క తెలుగు, ఒకపక్క ఇంగ్లిషు ఉండే ద్విభాషా పుస్తకాలు మన బడుల్లో ఇస్తున్నారు కదా, అవి చాలు. రోజుకు పది మాటలు నోట్‌బుక్‌లో జతగా రాయించండి: వైశాల్యం - ఏరియా, చుట్టుకొలత - పెరిమీటర్, అకరణీయ సంఖ్య - రేషనల్ నంబర్, ఘర్షణ - ఫ్రిక్షన్. స్పెల్లింగ్ బట్టీ పట్టించొద్దు, చూడగానే గుర్తుపడితే సరిపోతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఫోన్లోనే చదివించవచ్చు.

టైం ఎలా పంచుకోవాలి?

జీకే, సోషల్ ముందు చేయమనండి. ప్రశ్నకు ఒక నిమిషం చొప్పున 50 నిమిషాలు. సైన్స్‌కు 30, లెక్కలకు 90. మిగిలిన పది నిమిషాలు బబుల్స్ సరిచూసుకోవడానికి. ఓఎంఆర్ షీటు మీద బాల్‌పెన్‌తో ఒకసారి నింపితే మార్చడానికి లేదు. కష్టమైన ప్రశ్న వదిలేసినప్పుడు తర్వాతి జవాబు దాని గడిలో పడుతుంది, అక్కణ్నుంచి వరసంతా తప్పిపోతుంది. ఇంట్లోనే ఓఎంఆర్ జిరాక్స్ మీద రెండు మూడుసార్లు చేయిస్తే అలవాటవుతుంది. తప్పు జవాబుకు మార్కు కోత ఉందా అనేది ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో చూసి, తెలియనివి గుర్తించాలా వదలాలా ముందే చెప్పండి.

కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ఇప్పుడే తీసుకోండి: తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో. వాటి మీద పిల్లల పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించండి.