కాళ్లు పట్టుకోవడం

కోడలా,

నీ మెసేజీ రెండుసార్లు చదివాను. నలభై అయిదు దాటిన ఆడవాళ్లు పాదాల నొప్పులని వరసబెట్టి మీ విలేజ్ క్లినిక్‌కి వస్తున్నారనీ, ఎక్స్‌రేలో ఏమీ కనబడటం లేదనీ, ఏం చెప్పాలో తోచక కాల్షియం మాత్రలిచ్చి పంపేస్తున్నాననీ రాశావు. ఫోనులో చెప్తే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఒక సంగతి అడుగుతా. వాళ్లలో ఎంతమంది కాళ్లు నువ్వు చేత్తో పట్టుకుని చూశావు?

సిగ్గుపడకు. ముప్పై నాలుగేళ్ల నర్సు ఉద్యోగంలో మొదటి పదిహేనేళ్లు నేనూ పట్టుకోలేదు. మన దగ్గర పెద్దామె కాలు చిన్నది ముట్టుకుందంటే అది దండం కిందే లెక్క. ఆమె గభాల్న కాళ్లు వెనక్కి లాక్కుని "వద్దు తల్లీ" అంటుంది, లేదంటే నీ తలమీద చెయ్యి పెట్టి దీవించేస్తుంది. దానికి తోడు పగిలిన మడమలు, మట్టి పట్టిన గోళ్లు చూపించుకోవడం వాళ్లకు నామోషీ. అందుకని నొప్పిని నోటితో చెప్తారు, కాలిని కుచ్చిళ్ల కింద దాచుకుంటారు. మనం ఆ నోటిమాట విని మాత్ర రాస్తాం. కారణం దొరకని నొప్పి అంటారే, నేను చూసినంతలో అందులో సగానికి సగం కాలు చూడకుండా వదిలేసిన నొప్పే.

మాట కూడా జాగ్రత్తగా విను. నేను నందికొట్కూరు పిల్లని, కడప కోడల్ని. కర్నూలు-కడప కాలువ ఆ మొదట పుట్టి ఈ కొసకు వచ్చినదాన్ని. ఆ పక్క "కాలు మోపనీకి కాదు" అంటే ఈ పక్క "మోపేకి కాదు" అంటారు. అవి రెండూ ఒకటే. కానీ పోటు, మంట, తిమ్మిరి, గుంజడం, జివ్వుమనడం మాత్రం ఒకటి కావు, ఒక్కోటి ఒక్కో దారి పట్టిస్తుంది. రిజిస్టర్లో 'ఫుట్ పెయిన్' అని రాసి మూశావంటే అయిదు రోగాలు ఒకే గంపలో పడ్డట్టు. ఆమె అన్న మాటే రాసుకో.

నా సంగతి చెప్తా. నాకు నలభై ఏడు నడుస్తుండగా, ముట్టు రెండు నెలలకోసారి మూడు నెలలకోసారి అవుతున్న రోజుల్లో, ఒక పొద్దున మంచం దిగి నాపబండ మీద కాలు పెడితే మడమలో మేకు దిగినట్టయింది. గోడ పట్టుకుని వంటింటి దాకా పోయేసరికి సగం తగ్గింది. డ్యూటీలో అరగంట కూర్చుని లేస్తే మళ్లీ అదే పోటు. నేను చూపించుకున్న డాక్టరు నా కాలి వంక చూడనైనా చూడకుండా "వయసు కదా సిస్టర్" అన్నాడు. ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక, అదే మాట నేను ఎంతమందితో అని పంపానో గుర్తొచ్చి ఆ మంట చల్లారింది.

అది మడమ శూల. పాదం అడుగున మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా గట్టి పట్టీలాంటి పొర ఉంటుంది, ప్లాంటార్ ఫేషియా అని నువ్వు చదివిందే. రాత్రంతా కదలిక లేక అది బిగుసుకుంటుంది. పొద్దున మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగేసరికి పోటు పుడుతుంది, నాలుగడుగులు పడ్డాక సర్దుకుంటుంది. ఆమె బొటనవేలిని నీ ఎడమ చేత్తో పైకి వంచి, కుడి బొటనవేలితో మడమ లోపలి అంచున నొక్కు. "అబ్బా, ఆడే" అందంటే చాలావరకు అదే. ఎక్స్‌రేలో ముల్లులాగా ఎముక పెరిగినట్టు కనిపిస్తే దాన్ని చూసి బెదరొద్దు, ఆమెనూ బెదరగొట్టొద్దు. ఏ నొప్పీ లేని ఎంతోమంది మడమల్లోనూ ఆ ముల్లు ఉంటుంది.

మరి ముట్టు ఆగే వయసుకూ దీనికీ సంబంధమేమిటంటావు. ఈస్ట్రోజెన్ అంటే గర్భసంచి సంగతేనని అనుకుంటాం గానీ, ఎముకలూ, కండరాలూ, కండరాన్ని ఎముకకు కట్టే నరాల్లాంటి తాళ్లూ అన్నీ దాని మీద ఆధారపడ్డవే. అది తగ్గితే కొలాజెన్ తయారీ తగ్గుతుంది, ఆ తాళ్లలో సాగుడు పోతుంది, చిన్న దెబ్బ మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. రాత్రిపూట ఆవిర్లు వచ్చి నిద్ర చెడితే అదే నొప్పి రెండింతలు అనిపిస్తుంది. 2024లో వోండా రైట్ అనే అమెరికా ఎముకల సర్జన్ తోటివాళ్లతో కలిసి ఈ కీళ్ల, కండరాల బాధలన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టింది. ఈ దశ దాటే ఆడవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఏదో ఒకటి అనుభవిస్తారని రాసింది. అన్నాళ్లు పట్టింది పేరు పెట్టడానికి! జపాన్ వాళ్లు నయం, భుజం బిగుసుకుపోవడాన్ని ఎప్పటినుంచో 'యాభై ఏళ్ల భుజం' అంటారు.

అయితే ఒక జాగ్రత్త. "వయసు కదమ్మా" అనే మాట తీసేసి "హార్మోన్లు కదమ్మా" అనే మాట పెట్టావంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు. హార్మోను నేల మెత్తబడ్డట్టు చేస్తుంది, గుంజ కూలడానికి ఇంకేదో కారణం ఉంటుంది. దాన్ని వెతకాలి.

ముందు ఆమె ఏ దశలో ఉందో తెలుసుకో. పన్నెండు నెలలు వరసగా ముట్టు రాకపోతే మెనోపాజ్ అంటాం. మన దేశంలో అది సుమారు నలభై ఆరు, నలభై ఏడేళ్లకే వస్తుంది, పడమటి దేశాల్లో యాభై ఒకటి దాకా ఆగుతుంది. కానీ మన రాష్ట్రంలో "ముట్టు ఆగిందా?" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు, "గర్భసంచి తీశారా? ఎన్నేళ్లప్పుడు? అండాశయాలూ తీశారా?" అని అడగాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి ఆ ఆపరేషన్ అయివుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం మందికి అయింది. ముప్పై అయిదేళ్ల మనిషి నీ ఎదుట కూర్చుంటే మెనోపాజ్ నీ ఊహకే రాదు. అండాశయాలు తీసేసి వుంటే ఆ దశ ఆమెకు ఆపరేషన్ బల్ల మీదే వచ్చేసింది. తీయకపోయినా కొంచెం ముందే రావచ్చు. ఇలాంటివాళ్ల ఎముకల గురించి మామూలు కంటే ఎక్కువ ఆలోచించాలి.

తర్వాత నేల చూడు. దేశమంతా కడప రాయి పేరు చెప్పుకుంటుంది, బేతంచెర్ల బండలు ఎక్కడెక్కడికో పోతాయి. వాటిమీద ఒట్టి కాళ్లతో రోజుకు పన్నెండు గంటలు నిలబడేది ఎవరు? వంటగట్టు రాయే, అంట్లు తోమే చోటు రాయే, వాకిలి రాయే. వయసుతో మడమ కింది కొవ్వు మెత్త పలచబడుతుంది, రాయి మాత్రం పలచబడదు. బయటికి వేసుకునే హవాయి చెప్పులేమో మడమ దగ్గర అరిగి కాగితమై వుంటాయి. ఆమె చెప్పులు తిప్పి చూడు, ఎక్స్‌రే కంటే ఎక్కువ చెప్తాయి. ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోమంటే "ఇంట్లో చెప్పులేందమ్మా, లచ్చిందేవి వుంటాదా" అంటారు. వాదించొద్దు. కొత్త జత కొని ఇంట్లోకే పెట్టుకోమను, గడప దాటనీయొద్దను, దేవుడి గది ముందు విప్పమను. ఈ మూడు షరతులతో మా అత్తగారే ఒప్పుకుంది, ఇంకెవరైనా ఒప్పుకుంటారు.

మంట అన్నవాళ్లది వేరే కథ. అరికాళ్లు సురసురమంటాయి, రాత్రి దుప్పటి తగిలితే ఓర్వలేం, తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటాం అంటారు. ఈ జబ్బుకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1826లోనే గ్రియర్సన్ అనే డాక్టరు మనవాళ్ల అరికాళ్ల మంటల గురించి రాశాడు. 1946లో సి. గోపాలన్ దాన్ని లోతుగా చూసి, తిండిలో బి విటమిన్ల కరువే కారణమనీ, పాంటోథెనిక్ ఆమ్లం ఇస్తే తగ్గుతోందనీ రాశాడు. తర్వాత హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థను నడిపించింది ఆయనే. ఇప్పటికీ వైద్య పుస్తకాల్లో ఈ జబ్బు వాళ్లిద్దరి పేరుతోనే ఉంటుంది.

ఆనాటి కరువు తిండి ఇప్పుడు అంతగా లేదు. ఇప్పుడు మంట, తిమ్మిరి అంటే ముందు షుగరు చూడాలి, తర్వాత బి12, థైరాయిడ్. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకూ, గ్యాస్ మాత్ర కాఫీ లాగా పొద్దున్నే మింగేవాళ్లకూ, మాంసం, గుడ్డు ముట్టనివాళ్లకూ బి12 తగ్గుతుంది. "మీకు షుగరుందా?" అని అడిగి ఊరుకోకు, పరీక్ష చేయి. లేదని చెప్పినవాళ్లలో సగం మంది ఎప్పుడూ చేయించుకోనివాళ్లు. ఆమెను కళ్లు మూసుకోమని, పది గ్రాముల మోనోఫిలమెంటుతో పాదం కింద తాకి చూడు. నీ దగ్గర అది లేకపోతే దూదిపోగుతో మొదలుపెట్టు. స్పర్శ తెలియని తెల్లటి, ఎర్రటి మచ్చ ఒంటిమీద ఎక్కడైనా కనిపిస్తే కుష్ఠు సంగతి కూడా మరవద్దు.

స్పర్శ చూడకుండా కాపడం చెప్పొద్దు. మడమ నొప్పికి ఇటుకరాయి కాల్చి, దానిమీద జిల్లేడాకులు పరిచి మడమ అదమడం మనూళ్ల వైద్యం. స్పర్శ బాగున్న కాలికి హాయిగానే ఉంటుంది. షుగరుతో మొద్దుబారిన కాలు అలా కాలి, పుండు పడి, చివరికి వేలు తీసేయాల్సి వచ్చిన ఆమెను నేను వార్డులో చూశాను. ఎండాకాలం గుళ్లో బండల మీద ప్రదక్షిణలు చేసేవాళ్లకూ ఇదే చెప్పు.

నీ కాల్షియం మాత్ర దగ్గరికి వద్దాం. అది తప్పు కాదు, కానీ నొప్పి మందు కాదు. రాగిపిండి నూరు గ్రాముల్లో సుమారు మూడు వందల యాభై మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. సంగటి తినే ఇంట్లో ఆ మాట కూడా చెప్పు. అది ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి. ఇంత ఎండలో మనకేం తక్కువ అనుకునేదాన్ని. తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం ముట్లుడిగిన ఆడవాళ్ల రక్తం పరీక్షించి 2005లో ప్రచురించింది, వాళ్లలో ఎక్కువమందికి డి విటమిన్ చాలినంత లేదు. ఎండ ఉంటే చాలదు, ఒంటికి తగలాలి కదా. ఆ అరవై వేల యూనిట్ల పొట్లం మాత్రం వారానికొకటి చొప్పున డాక్టరు చెప్పినన్ని వారాలే. రెండేళ్లు ఆపకుండా తాగినామె కూడా నాకు తెలుసు.

మడమ శూలకు నన్ను బాగుచేసింది మందు కాదు, మెట్టు. 2014లో డెన్మార్క్ వాళ్లు పరీక్షించిన పద్ధతి అది. తువ్వాలు చుట్టగా చుట్టి మెట్టు అంచున పెట్టి, దానిమీద కాలివేళ్లు ఆనించి, మడమ గాల్లో ఉంచి, మూడు లెక్కబెడుతూ పైకి లేవాలి, రెండు లెక్కబెట్టి ఆగాలి, మూడు లెక్కబెడుతూ దిగాలి. రోజు మార్చి రోజు చాలు. గోడ పట్టుకోమను. దీనికి తోడు మంచం దిగకముందే బొటనవేలిని పదిసార్లు మీదికి లాగాలి, సాయంత్రం ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా పాదం కింద దొర్లించాలి. మూడు నెలలకు తేడా తెలుస్తుంది. చాలామందికి ఏడాదిలోపు తగ్గుతుంది. ఈ 'ఏడాది' అన్న మాట మొదటిరోజే చెప్పు. లేకపోతే పదో రోజున ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుంటారు, ఆ సూదులు నెలల తరబడి పడితే కిడ్నీలు పోతాయి. మడమలోకి వేసే స్టిరాయిడ్ సూది కొన్నాళ్లు ఊరటనిస్తుంది, పదే పదే వేయిస్తే ఆ పట్టీ తెగే ప్రమాదం ఉంది. హార్మోను మాత్రలు ఒక్క పాదం నొప్పి కోసం మొదలుపెట్టేవి కావు, అది గైనకాలజిస్టు తేల్చాల్సిన మాట.

పైకి పంపాల్సినవాళ్లను నీ దగ్గర ఆపుకోకు. మడమను రెండు పక్కలా అరచేతుల మధ్య అదిమితే కేక పెట్టిందంటే ఎముక చిట్లిందేమో. శివరాత్రికి వెంకటాపురం మీదుగా శ్రీశైలం నడిచివచ్చినవాళ్లలో, సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోయి వచ్చినవాళ్లలో దీన్ని గుర్తుపెట్టుకో. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉన్నా, పాదం చల్లబడి రంగు మారినా, మానని పుండున్నా ఆలస్యం వద్దు. బొటనవేలి కీలు రాత్రికి రాత్రి ఎర్రగా ఉబ్బితే యూరిక్ యాసిడ్ చూడాలి, ముట్లుడిగాక ఆడవాళ్లకూ గౌట్ వస్తుంది. పొద్దున గంటకు పైగా చేతివేళ్లు కూడా బిగుసుకుంటే కీళ్లవాతం. కర్నూలు పెద్దాసుపత్రికి రాసి పంపేటప్పుడు చీటీలో నువ్వు నొక్కి చూసిందేమిటో ఒక్క వాక్యం రాయి. దాంతో అక్కడ ఆమెకు కనీసం రెండో చూపు దక్కుతుంది.

ఇంకొకటి. పోయిన ఆదివారం మీ అమ్మ ఫోను చేసి గంటసేపు ఊళ్లో పెళ్లిళ్లన్నీ చెప్పి, పెట్టేసే ముందు "వదినా, నాలుగు నెలలయ్యింది, పొద్దన లేస్తే గోడ పట్టుకోకుండా నడవనీకి కావడంలే" అంది. పాపకు చెప్పలేదా అంటే, "దానికేం చెప్పేది, దినమంతా ఊరోళ్ల నొప్పులే వింటాది" అంది. ఈ ఉత్తరం నీకు శనివారానికి అందుతుంది. ఆదివారం పొద్దున్నే నందికొట్కూరు బస్సెక్కు. కాళ్లు వెనక్కి లాక్కుంటుంది, వదలొద్దు.

మీ అత్త