మత్తుకు అలవాటుపడిన బిడ్డను దాచకండి, చికిత్సకు తీసుకురండి

"సిస్టరమ్మా, మావాడి సంగతి చెబితే పోలీసులకు పట్టిస్తారా?" అని ఓపీలో ఒక తల్లి మెల్లగా అడిగింది. కొడుకు రెండేళ్లుగా గంజాయి తాగుతున్నాడు. కేసు అవుతుందన్న భయంతో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఈ భయం ఇంకా కొన్ని ఇళ్లలో ఉండవచ్చు. అందుకే ఈ పాఠం.

చట్టం ఏమి చెబుతోంది?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం మత్తుమందు వాడటం కూడా నేరమే. సెక్షన్ 27 కింద గంజాయికి 6 నెలల వరకు, హెరాయిన్‌కు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. అయితే అదే చట్టంలో సెక్షన్ 64ఎ ఉంది. అలవాటుపడిన వ్యక్తి తనంతట తానే ప్రభుత్వ ఆస్పత్రిలో గాని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో గాని చికిత్స పొందితే, మత్తుమందు వాడినందుకు, కొద్ది మోతాదు దగ్గర ఉన్నందుకు ప్రాసిక్యూషన్ నుండి రక్షణ లభిస్తుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఈ రక్షణ తొలగించవచ్చు. పెద్ద మొత్తంలో వ్యాపారం చేసేవారికి ఇది వర్తించదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు రోగులకు కూడా వర్తిస్తుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. గొలుసులతో కట్టివేయడం నిషేధం.

హాని తగ్గించే మార్గాలు

1. ఒకరి సూది మరొకరు వాడరాదు. దాని వలన హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి సోకుతాయి.

2. హెరాయిన్ వంటివి మానలేనివారికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కేంద్రాలలో నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర ఇస్తారు. "మత్తుకు బదులు మత్తా?" అనకండి. బి.పి. మాత్ర వలె ఇదీ చికిత్సే. దీనివలన సూది అవసరం తగ్గుతుంది.

3. కొన్నాళ్లు మానిన తరువాత హెరాయిన్ పాత మోతాదులో తీసుకుంటే ప్రాణం పోవచ్చు. స్పృహ తప్పి ఊపిరి మందగిస్తే వెంటనే 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఏమి తీసుకున్నాడో దాచకుండా చెప్పండి. నాలోక్సోన్ ఇంజెక్షన్ సకాలంలో పడితే బ్రతుకుతాడు.

ఆ అబ్బాయిని మా డాక్టరుగారు గుర్తింపు ఉన్న కేంద్రానికి పంపారు. మూడు నెలలు బాగున్నాడు, మళ్లీ జారాడు. తల్లి తిట్టలేదు, మళ్లీ తీసుకువెళ్లింది. ఇప్పుడు పనికి వెళ్తున్నాడు. జారడం ఈ జబ్బులో మామూలే. రెండోసారి తీసుకురావడానికి సిగ్గుపడకండి.

సలహా కోసం 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.