పాఠం : అందని దూరానికి బ్రాంచి ఆదేశాలు

పరిచయం

బిలాస్‌పూర్‌లోని గోల్ బజార్ నుంచి మీరు విశాఖపట్నం వెళ్లాలనుకోండి. రిక్షా అంత దూరం పోదు. కానీ స్టేషను దాకా తీసుకువెళ్తుంది. అక్కడ రైలు ఎక్కుతారు. కంప్యూటర్ ప్రోగ్రాములోనూ ఇదే సమస్య వస్తుంది, పరిష్కారమూ ఇలాంటిదే.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివాక మీరు :
• బ్రాంచి దూరాన్ని లెక్కకట్టగలుగుతారు.
• దూరం హద్దు దాటినప్పుడు అసెంబ్లర్, లింకర్ ఏం చేస్తాయో వివరించగలుగుతారు.

1. హద్దు ఎందుకు?

1978లో వచ్చిన 8086 ప్రాసెసర్‌లో షరతుతో కూడిన బ్రాంచి ఆదేశం 2 బైట్లు. ఒక బైటు ఆదేశానికి, ఒక బైటు దూరానికి. ఆ ఒక్క బైటులో −128 నుంచి +127 వరకే పడుతుంది. దూరాన్ని తరువాతి ఆదేశం నుంచి లెక్కించాలి.

ఉదాహరణ : 100 వద్ద 'సమానమైతే వెళ్లు' (జేఈ) అనే ఆదేశం ఉంది. లక్ష్యం 302. తరువాతి ఆదేశం 102 వద్ద ఉంది కనుక దూరం 200. దీన్ని బలవంతంగా ఒక బైటులో కుదిస్తే ప్రాసెసర్ −56గా చదువుతుంది. ప్రోగ్రాం 302కు బదులు 46కు వెళ్తుంది! అందుకే అసెంబ్లర్ హద్దును తప్పక సరిచూడాలి. దూరం పట్టకపోతే దోషమని తెలపాలి, లేదా ఆదేశాన్ని మార్చాలి.

2. అసెంబ్లర్ చేసే మార్పు

షరతును తిరగేసి, దూరం పోగల ఆదేశాన్ని చేర్చాలి :

100 : జేఎన్‌ఈ 105 (సమానం కాకపోతే 105కు)
102 : జేఎంపీ 305 (3 బైట్లు, దూరానికి 16 బిట్లు)
105 : తరువాతి ఆదేశం

3 బైట్లు పెరిగాయి కనుక లక్ష్యం 302 నుంచి 305కు జరిగింది. ఇక్కడే జాగ్రత్త అవసరం. 50 వద్ద మరో 2 బైట్ల బ్రాంచి ఉండి, దాని లక్ష్యం 178 అనుకోండి. మొదట దూరం 126, సరిపోయింది. ఇప్పుడు లక్ష్యం 181, దూరం 129. అదీ హద్దు దాటింది! అందువల్ల మార్పులేవీ మిగలనంత వరకు అసెంబ్లర్ మళ్లీ మళ్లీ సరిచూడాలి. ఒకసారి పెంచిన ఆదేశాన్ని తిరిగి తగ్గించకపోతే ఈ పని తప్పక ముగుస్తుంది.

1985లో వచ్చిన 80386లో షరతు బ్రాంచికే పొడవైన రూపం ఏర్పడింది.

3. లింకర్ చేసే పని

వేరే ఫైలులోని ఫంక్షన్ ఎక్కడ ఉంటుందో అసెంబ్లర్‌కు తెలియదు. అది ఖాళీ వదిలి, నింపవలసిన చోటును నమోదు చేస్తుంది. ఫైళ్లన్నిటినీ అమర్చాక లింకర్ దూరం లెక్కిస్తుంది.

32 బిట్ల ఆర్మ్‌లో పిలుపు ఆదేశం (బీఎల్) ఇటూ అటూ సుమారు 32 మెగాబైట్ల వరకే చేరుతుంది. లక్ష్యం అంతకు మించితే లింకర్ దగ్గరలో 'వెనీర్' అనే చిన్న కోడ్‌ను ఉంచుతుంది. పిలుపు వెనీర్‌కు వెళ్తుంది; వెనీర్ పూర్తి చిరునామాను రిజిస్టర్‌లోకి తెచ్చుకొని అసలు లక్ష్యానికి వెళ్తుంది. మన రిక్షా, స్టేషను, రైలు ఇవే.

ఇందుకు ఆర్12 రిజిస్టర్‌ను వాడుకోవచ్చని ఆర్మ్ నియమం. కనుక అసెంబ్లీ రాసేవారు పిలుపు తరువాత కావలసిన విలువను ఆర్12లో ఉంచరాదు.

పాఠంలోని ప్రశ్నలు

1. 8086లో 400 వద్ద 2 బైట్ల షరతు బ్రాంచి, లక్ష్యం 270. అందుతుందా?
2. అసెంబ్లర్ ఒక్కసారి సరిచూస్తే ఎందుకు చాలదు?

జవాబులు

1. అందదు. 270 − 402 = −132; హద్దు −128.
2. ఒక ఆదేశం పెరిగితే ఇతర బ్రాంచిల దూరాలు కూడా పెరగవచ్చు.