నొప్పి తగ్గాక మొదలయ్యే జాగ్రత్త

చిరంజీవి నాన్నకు,

 

ఉన్న సెలవులన్నీ కూడగట్టుకుని మూడు వారాలకి హైదరాబాద్ వస్తున్నావట. పైవీ కిందవీ పళ్లన్నీ తీయించేసి, ఇంప్లాంట్లు వేయించుకుని, కొత్త పళ్లతో న్యూజెర్సీ విమానం ఎక్కేస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కట్టుడుపళ్ల సెట్టుతో ఏళ్ల తరబడి వేగి, ఆ తర్వాత ఇదే పని చేయించుకున్నదాన్ని కాబట్టి రాస్తున్నాను. మూడు వారాల్లో అయ్యేది సగం పనేరా. ఆ సగమే తేలిక.

‘ఒక్కరోజులో పళ్లు’ అని బోర్డులు పెడతారు చూడు, అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ రోజో, మర్నాడో బిగించేది యాక్రిలిక్‌తో చేసిన తాత్కాలిక సెట్టు. ఇంప్లాంటు మరలు ఎముకలో గట్టిగా పట్టాయనిపిస్తేనే అదైనా బిగిస్తారు. అసలు సెట్టు, జిర్కోనియాదో మరొకటో, మూడు నుంచి ఆరు నెలలు ఆగాక. అంటే నువ్వు మళ్లీ రావాలి. ఇప్పుడు చెప్పిన ధరలో ఆ రెండో సెట్టు ఉందో లేదో కాగితం మీద రాయించుకో. లక్షల్లో వ్యవహారం, మొహమాటపడకు.

ఆ నెలలన్నీ ఎందుకంటావేమో. 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టర్ కుందేళ్ల ఎముకల్లో టైటానియం పరికరం అమర్చి ఏదో పరిశోధన చేస్తుంటే, అది ఎముకకి అతుక్కుపోయి ఊడి రాలేదట. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఆ లోహం పెట్టి పళ్లు నిలబెట్టాడు. ఇప్పటికీ కిటుకు అదే. ఎముక తనంతట తాను పట్టుకోవాలి. డాక్టర్ ఎంత గొప్పవాడైనా దాన్ని తొందరపెట్టలేడు. నాలుగు మరల మీదే మొత్తం వరస నిలబెట్టడం 1990లలో పోర్చుగల్ దంతవైద్యుడు పావులో మాలో అభివృద్ధి చేసిన పద్ధతి. ముందు రెండూ నిటారుగా, వెనక రెండూ ఏటవాలుగా దిగుతాయి. పైన సైనస్ గదికీ కింద నరానికీ తగలకుండా ఉండాలని ఆ వాలు. కొందరికి ఆరు వేస్తారు. ఎన్నన్నది సీబీసీటీ స్కాన్‌లో నీ ఎముక చూసి తేల్చాల్సిన విషయం, ప్యాకేజీ చూసి కాదు.

అసలు పళ్లన్నీ తీయాలా అని ఇంకో డాక్టర్‌ని, చిగుళ్ల స్పెషలిస్టుని, అడిగావా? కదిలే పళ్లన్నీ పోవాల్సినవి కావు. తీశాక మళ్లీ పెట్టుకోలేం. నీ షుగర్ సంగతి నాకు తెలుసు. హెచ్‌బీఏ1సీ అదుపులోకి రాకుండా టికెట్లు కొనకు. సిగరెట్ ఇప్పుడే ఆపెయ్, వచ్చాక ఆపుతాననకు. రక్తం పలచబడే బిళ్లలు వేసుకుంటుంటే నీ అంతట నువ్వు మానెయ్యకు, గుండె డాక్టర్‌నీ పళ్ల డాక్టర్‌నీ మాట్లాడుకోమను. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడే మీ అత్తగారు నీ తర్వాత తనూ చేయించుకుంటానంటున్నారట. ఆవిడ ఆ మందుల పేర్లు ముందే చెప్పి తీరాలి. వాటిలో కొన్నింటివల్ల దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ రోజు గురించి పెద్దగా రాయను. మత్తులో నొప్పి తెలియదు. అదుముతున్నట్టూ, దవడంతా అదురుతున్నట్టూ మాత్రం ఉంటుంది. ఎముక ఎగుడుదిగుళ్లు కూడా చెక్కి సమం చేస్తారు కాబట్టి ఇంటికొచ్చాక వాపు గట్టిగానే వస్తుంది. రెండో రోజు, మూడో రోజు అద్దంలో నిన్ను నువ్వు గుర్తుపట్టవు. చెంపలు, ఒక్కోసారి మెడదాకా, కమిలి నీలంగా పసుపుగా మారతాయి. మొదటి రోజు ఐసు పెట్టు, దిండు ఎత్తుగా వేసుకుని పడుకో. ఉమ్మిలో ఎర్రజీర కనిపిస్తే కంగారు పడి పదే పదే ఉమ్మకు, స్ట్రాతో పీల్చకు. పైన సైనస్ దగ్గర పని జరిగితే ముక్కు గట్టిగా చీదకూడదు. విమానం ఎప్పుడెక్కచ్చో కూడా డాక్టరే చెప్పాలి. నాలుగో రోజు నుంచి తగ్గాల్సిన వాపు పెరిగినా, జ్వరం వచ్చినా, రక్తం ఆగకపోయినా, మత్తు దిగాక కూడా కింది పెదవి మొద్దుబారే ఉన్నా, ఆ పూటే ఫోన్ చెయ్యి. ‘రేపు చూద్దాం’ అనే అలవాటు మీ నాన్నది, నీకూ వచ్చింది.

మాట కూడా కొన్నాళ్లు తడబడుతుంది. ‘స’, ‘ఫ’ పలికేటప్పుడు గాలి పోతుంది. పేపర్ పైకి చదువు, సర్దుకుంటుంది.

ఇక నా భయమంతా ఎక్కడంటే, నువ్వు తిరిగి వెళ్లే రోజుల దగ్గర. మర వేసిన మొదట్లో దాన్ని పట్టుకునేది పాత ఎముక. ఆ పాత ఎముక మెల్లగా కరుగుతూ, దాని చోట కొత్తది పుడుతుంది. మూడు నాలుగు వారాల ప్రాంతంలో పాతపట్టు సడలి ఉంటుంది, కొత్తపట్టు ఇంకా బలపడదు. సరిగ్గా అప్పటికే వాపు పోయి, నొప్పి పోయి, నోట్లో నిండుగా పళ్లుంటాయి. ఏదైనా కొరకచ్చనిపిస్తుంది. నువ్వేమో ఆ వారమే విమానం దిగి, పిజ్జా అంచులూ చిప్సూ ఉన్న ఇంట్లో ఒంటరిగా కూర్చుంటావు. పైగా సొంత పంటి వేరు చుట్టూ ఒక సన్నటి పొర ఉంటుంది. అన్నంలో ఇసుక రేణువు తగిలినా చెప్పేది అదే. ఇంప్లాంటుకి ఆ పొర లేదు. ఎంత బలంగా కొరుకుతున్నావో అంత బాగా తెలియదు.

అందుకని రెండు మూడు నెలలు ఫోర్కుతో నొక్కితే నలిగేదే తిను. మొదటి వారం రాగిజావ, పెసరకట్టు, మజ్జిగ, చల్లారిన చారు. తర్వాత మెత్తటి పప్పన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, గుడ్డు పొరటు. షుగర్ ఉంది కాబట్టి జావ గ్లాసులకొద్దీ తాగెయ్యకు, పప్పూ పెరుగూ గుడ్డూ ఎక్కువ ఉండేలా చూసుకో. కుట్లు మానేదాకా కారం వద్దు. ఆవకాయలో టెంక ముక్క, జంతికలు, వేరుశనగ ఉండలు, మటన్ బొమికలు అసలు సెట్టు పడేదాకా మర్చిపో. బొమికల సంగతి ఆ తర్వాతైనా నాకు నమ్మకం లేదు.

పుచ్చిపోయే పళ్లు కావు కదా అని తోమడం మానకు. సెట్టుకీ చిగురుకీ మధ్య మెతుకు చేరి చీము పడితే మర చుట్టూ ఎముకే కరిగిపోతుంది. డాక్టర్ సరే అన్నాక వాటర్ ఫ్లాసర్, సందుల్లోకి వెళ్లే చిన్న బ్రష్షు రోజూ వాడాలి. రాత్రి పళ్లు కొరికే అలవాటుంటే గార్డు చేయించుకో. ఆరు నెలలకోసారి చూపించుకోవాల్సిందే. వేసిన మరల కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు రాసిన కార్డు అడిగి తీసుకో. అక్కడి డాక్టర్‌కి అవి లేకపోతే ఏ స్క్రూడ్రైవర్ పడుతుందో కూడా తెలియదు.

ఒక్క పని మాత్రం టికెట్లకి ముందే చెయ్యి. న్యూజెర్సీలో మీ ఇంటి దగ్గర ఒక డెంటిస్టుకి ఫోన్ చేసి, ‘ఇండియాలో వేయించుకున్న సెట్టు నాలుగో వారంలో విరిగితే మీరు చూస్తారా?’ అని అడుగు. చాలామంది వేరొకరు వేసినదాన్ని ముట్టుకోరు. ఏమన్నారో నాకు చెప్పు, దాన్నిబట్టి మూడు వారాలకి రావాలో రెండు నెలలకి రావాలో మాట్లాడుకుందాం. గది ఖాళీగానే ఉంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ