మెఫీబోషెతు గాడిద

పాఠ్యభాగము: 2 సమూయేలు 9, 16:1–4, 19:24–30



మెఫీబోషెతు అయిదేండ్ల వయస్సున దాది చేతినుండి పడి కుంటివాడాయెను. దావీదు అతనిని తన బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనెను. సౌలు భూములన్నియు తిరిగి యిప్పించెను. మనము సాధారణముగా ఇక్కడనే పాఠము ముగించి కానుక పట్టుదుము. 19వ అధ్యాయము వరకు చదువుడి. అబ్షాలోము తిరుగుబాటున రాజు యెరూషలేము విడిచిపోయినప్పుడు మెఫీబోషెతు వెంట వెళ్లలేకపోయెను. పనివాడైన సీబా గాడిదలను తోలుకొనిపోయి, రాజుయొద్ద కొండెములు చెప్పి, ఆ భూములను కాజేసెను. బల్ల యుండెను, భూమి యుండెను. తానై ఎక్కి పోవుటకు దారి లేకపోయెను.

మా సంఘములో పోలియో వలన కాలు చచ్చుబడిన సహోదరుడొకరు వలలు బాగుచేసి జీవించుచున్నారు. ప్రతి ఆదివారము ఇద్దరు యువకులు వారిని గుడికి మోసికొని వచ్చెడివారు. అది మా ప్రేమకు గుర్తని నేను ప్రసంగములో కూడ చెప్పితిని. మూడు చక్రముల బండి వచ్చిన దినమున వారు మొదట పోయినది గుడికి కాదు, టీ బంకుకు! తరువాత నాతో, “మోసేవోళ్ళు ఎప్పుడొస్తే అప్పుడే గదయ్యగారూ నాకు తెల్లారేది” అనిరి. నేను సిగ్గుపడితిని. పూర్వము వారి కూలి మరొకరి చేతిమీదుగా వచ్చెడిది. ఇప్పుడు తామే రేవుకు పోయి బోటు యజమానితో బేరమాడుచున్నారు.

అట్టి బండికి మొదట కావలసినది ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చు సదరం ధ్రువపత్రము. 1995 చట్టము 7 రకముల వైకల్యములనే గుర్తించెను. 2016 చట్టము 21 రకములను గుర్తించినది గనుక, మాకు వర్తించదని ఇంట కూర్చున్నవారు మరల విచారించుడి. 1981లో ఆరంభమైన కేంద్ర పథకము క్రింద, కాన్పూరు అలిమ్కో సంస్థ చేయు బండ్లు, చంకకర్రలు, వినికిడి యంత్రములు తక్కువ ఆదాయము గలవారికి ఉచితముగా లభించును. బిడ్డలకు మాట, నడక నేర్పుటకు నెల్లూరులోనే కేంద్ర ప్రభుత్వపు పునరావాస కేంద్రము గలదు. పింఛను 2024 జూలైలో 3,000 నుండి 6,000 రూపాయలకు పెరిగినది. మంచిదే; కాని మనిషిని మూల కూర్చోబెట్టి పింఛను తెచ్చియిచ్చిన యెడల అదియు బల్లవంటిదే.

ఇక మన గుడి సంగతి. మూడు మెట్లు, అడుగున్నర ఎత్తు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు వలెను గనుక పదునెనిమిది అడుగులు కావలెను. రోడ్డునుండి గుమ్మము వరకు ఇసుకే, చక్రము దిగబడును. కొబ్బరిచెట్టొకటి అడ్డమని పెద్దలు చెప్పుచున్నారు. వచ్చే నెల కమిటీలో దీనిని తేల్చవలెను. ఆ సహోదరుని కూడ పిలిచితిమి. కొలత వారి బండితోనే తీయవలసియున్నది.