పర్యావరణంలో ఔషధ నిరోధకత: ఎడార్ సదస్సులు

యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా ఆసుపత్రుల్లోనే కాదు, మురుగునీటిలో, నదుల్లో, పొలాల మట్టిలోనూ పుట్టుకొస్తుంది. ఈ కోణాన్నే చర్చించే అంతర్జాతీయ శాస్త్ర సదస్సుల పరంపర ‘ఎడార్’. అయిదోది 2019లో హాంకాంగ్‌లో, ఆరోది 2022లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, ఏడోది 2024లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగాయి.

గోథెన్‌బర్గ్ అనగానే పోటీ పరీక్షలు రాసే మన అభ్యర్థులకు హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు గుర్తుకు రావాలి. ఆ నగర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడి వ్యర్థజల శుద్ధి కేంద్రంపైనే. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు చేరే కేంద్రం అది. శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గాఢత కన్నా ఇది చాలా ఎక్కువ! అలాంటి నీటిలో మామూలు సూక్ష్మజీవులు చచ్చి, నిరోధక జన్యువులున్నవే మిగులుతాయి. ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల ద్వారా ఆ జన్యువులను ఇతర బ్యాక్టీరియాకూ అందిస్తాయి. మెయిన్స్ జవాబులో ఈ ఉదాహరణ తప్పక రాయండి.

యాంటీబయాటిక్ తయారీ వ్యర్థజలాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మార్గదర్శకాలు 2024 సెప్టెంబరులో వచ్చాయి, చాలా ఆలస్యంగానే. అదే నెల 26న ఔషధ నిరోధకతపై ఐరాస సర్వప్రతినిధి సభ ఉన్నతస్థాయి సమావేశం జరిగింది. నిరోధక బ్యాక్టీరియాతో ముడిపడిన మరణాలను 2030 నాటికి 10 శాతం తగ్గించాలన్నది దాని లక్ష్యం.